అదను తప్పరాదు
పసిబిడ్డల ఎదుగుదలలోని లోపములు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సేద్యము చేయువానికి అదను అనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. తొలకరి కురిసిన పిమ్మట నేల పదనులో నున్నప్పుడు పడిన విత్తనమునకును, పదను ఆరిపోయిన తరువాత పడిన విత్తనమునకును ఎంత భేదమున్నదో ప్రతి రైతునకును తెలియును. విత్తనము అదియే, నేల అదియే, రైతు అతడే. మారినది కాలము మాత్రమే. పసిబిడ్డల విషయమునకూడ ఇట్టి అదను ఒకటి యున్నది. బిడ్డ పుట్టినది మొదలు మూడేండ్లు నిండువరకు గల కాలమే ఆ అదను. చూపు, వినికిడి, నడక, మాట, తెలివి – వీనిలో దేనియందైనను బిడ్డ వెనుకబడి యున్నచో, ఆ సంగతిని ఈ కాలములోనే కనిపెట్టి తగిన సహాయము నందించవలెను. అప్పుడు కలుగు ఫలము, ఆరేండ్లకో పదేండ్లకో ఆరంభించిన సహాయమువలన కలుగదు.

ఈ పనికి వైద్యులు కావలెను, శిక్షకులు కావలెను. వారికొరకు ప్రభుత్వము ఏర్పాట్లు చేసియున్నది. అయితే బిడ్డ వారియొద్దకు సకాలములో చేరునా చేరదా యను సంగతి మాత్రము గ్రామములోనే నిర్ణయమగుచున్నది. ఆ నిర్ణయములో పంచాయతీ సభ్యుల మాటకు ఎంత బలమున్నదో, వారు చేయదగిన పనులెవ్వియో తెలుపుటయే మా ఉద్దేశము.

"తొందరేమున్నది?" అను మాట

ఏ గ్రామమునందైనను జరుగగల ఒక సంగతిని ఊహించుకొనుడు. ఒక యింట ఏడాది దాటిన మగబిడ్డ యున్నాడు. చూచుటకు బొద్దుగ, ఆరోగ్యముగ నున్నాడు. కాని తల్లి వెనుకనుండి పిలిచినచో తల త్రిప్పడు. ఆమెకు అనుమానము కలిగి అత్తగారితో చెప్పుకొన్నది. "మీ ఆయన మూడేళ్ళు దాటాకగాని నోరు విప్పలేదమ్మాయ్. నేను పెంచలేదా? తొందరేమున్నది?" అని అత్తగారు ధైర్యము చెప్పినది. తండ్రి రచ్చబండ దగ్గర ఈ మాట ఎత్తగా, అక్కడ కూర్చున్న పెద్దలొకరు, "మగపిల్లలకు మాటలు ఆలస్యమేనయ్యా, దేవుడికి మొక్కుకో, అవే వస్తాయి" అన్నారు. ఇంటిలో ఒకరు బిడ్డ వెనుక కంచము క్రిందపడవేసి చూచినారు. బిడ్డ ఉలికిపడినాడు. "చూశావా, చెవులు బాగానే ఉన్నాయి" అని అందరును తృప్తిపడినారు.

ఐదేండ్ల వయస్సున ఆ బిడ్డను బడిలో చేర్చునప్పుడు గాని అసలు సంగతి తేలలేదు. అతనికి కంచము పడిన పెద్దచప్పుడు వినబడును గాని, మనుష్యుల మాట వినబడదు. వినని మాటను ఏ బిడ్డయు పలుకనేరడు. మాట నేర్చుటకు మెదడు సిద్ధముగనున్న సంవత్సరములన్నియు నిశ్శబ్దములో గడచిపోయినవి.

ఈ కథలో దుర్మార్గు డెవ్వడును లేడు. అత్తగారు ప్రేమతోనే చెప్పినది. రచ్చబండ పెద్ద మంచి కోరియే చెప్పినాడు. కాని వారి మాటలవలన నాలుగేండ్ల కాలము జారిపోయినది. ఆ పెద్ద ఒక వార్డు సభ్యుడే యైయుండవచ్చును. ఆయన "ఒకసారి ఆసుపత్రిలో చూపించి రండి, సందేహము తీరిపోవును" అని యున్నచో ఆ బిడ్డ జీవితము మరియొక విధముగ నుండెడిది.

మొదటి మూడేండ్ల విలువ

మనుష్యుని మెదడు తక్కిన అవయవములవలె నెమ్మదిగ పెరుగునది కాదు. పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవవంతు బరువుండు శిశువు మెదడు, రెండవయేడు నిండుసరికి దాదాపు నాలుగింట మూడువంతులు పెరిగిపోవును. ఈ కాలములో బిడ్డ చూచినది, విన్నది, తాకినది, ఆడినది – ప్రతిదియు మెదడులోని నరముల మధ్య క్రొత్త దారులను వేయుచుండును. వాడుకలోనున్న దారి గట్టిపడును. వాడని దారి పూడిపోవును. పొలములో పంటకాలువయు ఇంతే గదా. ఒకచోట దారి చెడినను, చిన్నతనమున మెదడు మరియొక దారిని వెదకికొనగలదు. వయస్సు పెరిగినకొలది ఆ శక్తి తగ్గుచుండును.

ఏ లోపమునకు ఏ గడువున్నదో కొన్ని యుదాహరణములు చూతము.

వినికిడి: పుట్టిన నెల లోపల పరీక్షించి, మూడు నెలలలోపల లోపమును నిర్ధారించి, ఆరు నెలలలోపల చెవి యంత్రము మొదలగు సహాయము ఆరంభించవలెనని వైద్యుల నియమము. ఈ పరీక్షకు సూదిలేదు, నొప్పిలేదు. బిడ్డ నిదురించుచుండగ చెవిలో చిన్న పరికరము నుంచి కొద్ది నిమిషములలో ముగింతురు. అవసరమైన పిల్లలకు చెవిలోపల అమర్చు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్స కూడ కలదు. పుట్టుచెవుడు గల పిల్లలకు అదియు పసితనముననే జరుగవలెను.

థైరాయిడ్ లోపము: కొందరు శిశువులకు ఈ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచేయదు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగనే కనుపించును. మడమనుండి తీసిన రక్తపు బొట్టును పరీక్షించి, మొదటి కొద్ది వారములలోనే రోజున కొక మాత్ర ఆరంభించినచో బిడ్డ తెలివితేటలతో పెరుగును. ఆలస్యమైనచో బుద్ధిమాంద్యము మిగిలిపోవును. ఒక చిన్న మాత్రకును, జీవితకాలపు లోపమునకును నడుమ నున్నది కొన్ని వారముల కాలము మాత్రమే.

కన్ను: నెలలు నిండక మిక్కిలి ముందుగ పుట్టిన శిశువులకు, రెండు కిలోలకన్న తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు కంటిలోపలి పొర చెడు ప్రమాదము కలదు. వెలుపలినుండి చూచిన కన్ను చక్కగనే యుండును. పుట్టిన 30 దినములలోపల కంటివైద్యుడు చూచి, అవసరమైనచో లేజరు చికిత్స చేసినచో చూపు నిలుచును. కొన్ని వారములు ఆలస్యమైనచో అంధత్వము శాశ్వతము కాగలదు. కంటిపాపలో తెల్లని మెరుపు కనుపించినచో ఒక్కదినమైనను ఉపేక్షింపరాదు.

వంకరపాదము: అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమునందు పనిచేసిన ఇగ్నేషియో పొన్సెటి అను వైద్యుడు రూపొందించిన పద్ధతి నేడు మనదేశమునను అమలులో నున్నది. పుట్టిన కొద్దిదినములకే ఆరంభించి, వారమున కొకసారి చొప్పున ఐదారు పర్యాయములు పిండికట్టు మార్చుచు పాదమును తిన్నగ చేయుదురు. చాలమందికి మడమనరము దగ్గర ఒక చిన్న కోత మాత్రము పడును. పిమ్మట కమ్మీతో కలిపిన ప్రత్యేకమైన బూట్లను మొదట మూడు నెలలు దాదాపు దినమంతయు, తరువాత నిద్రవేళలందు, నాలుగైదేండ్లు నిండువరకు తొడుగవలెను. పాదము తిన్ననైనదిగదా యని బూట్లు మానివేసిన ఇండ్లలో పాదము మరల వంకరపోవుచున్నది. ఈ సంగతిని ఆ కుటుంబమునకు జ్ఞాపకము చేయువారు గ్రామములో నుండవలెను.

గ్రహణము మొఱ్ఱి: పెదవిచీలికకు గర్భిణి గ్రహణమునాడు చేసిన పనులు కారణము కావు. సాధారణముగ మూడునుండి ఆరు నెలల మధ్య పెదవికిని, ఏడాది ప్రాంతమున అంగిటికిని శస్త్రచికిత్స చేయుదురు. తల్లిని నిందించుచు కూర్చుండుటవలన ఈ కాలము వృథా యగును.

అమ్మమ్మల లెక్క

బిడ్డ ఎదుగుదలను కనిపెట్టుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. బోర్లపడిన బొబ్బట్లు, కూర్చున్న కుడుములు, అడుగు వేసిన అరిసెలు, గడప దాటిన గారెలు పంచుట మన యిండ్లలో ఎరిగినదే. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎదుగుదలను వంటకములతో లెక్కించినారు. ఇరుగుపొరుగున పంచుటచే ఊరికంతకును ఆ లెక్క తెలిసెడిది. నేటి వైద్యశాస్త్రము ఈ లెక్కకే నెలలను చేర్చినది. ఆశా కార్యకర్త ఇచ్చు మాతా శిశు సంరక్షణ కార్డులో బొమ్మలతో నున్నది ఈ లెక్కయే.

రెండు నెలలు నిండుసరికి బిడ్డ తల్లి ముఖము చూచి నవ్వవలెను. నాలుగైదు నెలలకు మెడ నిలుపవలెను. ఆరేడు నెలలకు బోర్లపడి, వస్తువును చేయిచాచి అందుకొనవలెను. తొమ్మిది నెలలకు ఆధారము లేక కూర్చుండి, పిలుపునకు తిరిగి చూడవలెను. "తాత, మామ" వంటి పలుకులు పలుకవలెను. ఏడాదికి పట్టుకొని నిలబడవలెను. ఏడాదిన్నర నిండుసరికి తనంతట నడువవలెను. కొన్ని మాటలను అర్థముతో పలుకవలెను. కావలసినదానిని వ్రేలితో చూపవలెను. రెండేండ్లకు "అమ్మ రా", "అన్నం కావాలి" వలె రెండేసి మాటలు కలుపవలెను.

పిల్లలందరును ఒకే దినమున నడువరు. కొంత ముందు వెనుకలు సహజము. నెలలు నిండకముందు పుట్టిన బిడ్డ విషయమున ఎన్ని వారములు ముందు పుట్టెనో ఆ వారములను వయస్సులోనుండి తీసివేసి లెక్కింపవలెను. ఒక గుర్తు ఆలస్యమైనంతమాత్రమున బిడ్డకు లోపమున్నదని తీర్మానించుట తగదు. అది పరీక్ష చేయించుడని చెప్పు సూచన మాత్రమే. పరీక్షలో ఏమియులేదని తేలినచో అంతకన్న సంతోషము లేదు. ఒక దినపు కూలి మాత్రమే పోయినది.

కొన్ని గుర్తులు కనుపించినచో ఏ మాత్రము వేచియుండరాదు. నాలుగు నెలలు దాటినను గుప్పెళ్లు ఎప్పుడును బిగించియే యుంచుట, ఎత్తినప్పుడు కాళ్లు కత్తెరవలె మెలిపడుట, ఏడాది నిండకమునుపే ఒక చేతినే వాడి రెండవదానిని వాడకుండుట, కన్నులలోనికి చూడకుండుట, పాలు త్రాగుటకు పదే పదే పొరమారుట, మూర్ఛలు వచ్చుట – ఇట్టివి. వచ్చిన మాటలు పోయినను, నేర్చిన పని మరచినను అది మరింత త్వరగ చూపింపవలసిన విషయము.

పుట్టిన వెంటనే ఏడువని పిల్లలు, తక్కువ బరువుతో పుట్టినవారు, పుట్టిన తొలిదినములలో కామెర్లు తీవ్రముగ వచ్చినవారు, మెదడువాపు జ్వరము సోకినవారు – వీరిని మొదటి రెండేండ్లు ప్రత్యేకముగ కనిపెట్టి యుండవలెను. మేనరికపు వివాహములు తరతరములుగ సాగుచున్న కుటుంబములలో పుట్టుకతో వచ్చు కొన్ని లోపములు హెచ్చుగ కనబడుచున్నవి. అట్టి యిండ్లలో చెవి పరీక్ష తప్పక చేయించవలెను.

ఎక్కడికి పోవలెను?

2013వ సంవత్సరమున భారత ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును ప్రారంభించినది. పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలను పరీక్షించి ఉచితముగ చికిత్స చేయించుట దీని లక్ష్యము. పుట్టుకతో వచ్చు లోపములు, పోషకముల లేమి, బాల్యవ్యాధులు, ఎదుగుదలలోని ఆలస్యములు – ఈ నాలుగును దీని పరిధిలోనివి. కాన్పు జరిగిన ఆసుపత్రిలో అక్కడి సిబ్బంది, ఇంటికి వచ్చిన పిమ్మట ఆరు వారములవరకు ఆశా కార్యకర్త శిశువును చూతురు. తరువాత సంచార వైద్యబృందము అంగన్‌వాడీకి ఏడాదికి రెండు పర్యాయములు, పాఠశాలకు ఒక పర్యాయము వచ్చి పరీక్షించును.

అనుమానము కలిగిన పిల్లలను ఈ బృందము జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. డి.ఇ.ఐ.సి. అని దీనికి వాడుక. పిల్లల వైద్యుడు, దంతవైద్యుడు, నడకకును చేతిపనికిని వ్యాయామము నేర్పువారు, మాట నేర్పువారు, చెవి పరీక్షించువారు, కన్ను పరీక్షించువారు, మనస్తత్వ నిపుణుడు, ప్రత్యేక శిక్షకుడు – వీరందరును ఒకే కప్పు క్రింద నుండవలెనని ఈ కేంద్రముల ఏర్పాటు. పది ఆసుపత్రులు తిరుగు శ్రమను తప్పించుటయే దీని ఉద్దేశము.

మన తెలుగుసీమలోని సికింద్రాబాదులో 1984వ సంవత్సరమున స్థాపితమైన జాతీయసంస్థ బుద్ధివికాసలోపము గల వారికొరకు పనిచేయుచున్నది. 2021వ సంవత్సరమున అక్కడ అన్ని విధముల వైకల్యములు గల పసిపిల్లల నిమిత్తము సత్వర సహాయకేంద్రము నొకదానిని తెరచిరి. పాఠశాల వయస్సు వచ్చిన పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రములలోను మండల స్థాయిలో భవిత కేంద్రములు కలవు. దివ్యాంగబాలురను అంగన్‌వాడీలలో కనిపెట్టి చేర్చుకొను విధానమును 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. కాబట్టి "ఈ బిడ్డను మేము చూచుకొనలేము, ఇంటియొద్దనే ఉంచుకొనుడు" అని అంగన్‌వాడీలో త్రిప్పిపంపుట తగదు.

ఇల్లే మొదటి శిక్షణాలయము

కేంద్రమున నిపుణులు బిడ్డకు శిక్షణ ఇచ్చునది వారమునకు ఒకటి రెండు గంటలు మాత్రమే. తక్కిన కాలమంతయు బిడ్డ తల్లియొద్ద, నాయనమ్మయొద్ద నుండును. కావున నిపుణుల ముఖ్యమైన పని తల్లిదండ్రులకు నేర్పుట. బిడ్డను ఎట్లు ఎత్తుకొనవలెను, ఏ వైపున పడుకొనబెట్టవలెను, అన్నము పెట్టునప్పుడు వీపునకు ఎట్టి ఆధారమీయవలెను, స్నానము చేయించుచు కాళ్లుచేతులు ఎట్లు ఆడించవలెను, ముఖమునకు ముఖము పెట్టి ఎట్లు మాటలాడవలెను – ఇవియే చికిత్స. లాలపోయునప్పుడు చేయి, కాలు, ముక్కు అని పేర్లు చెప్పుటయు, చెంచాను బిడ్డచేతికిచ్చి ఆగియుండుటయు చికిత్సయే. ఇట్టి పనులకు ధనము అక్కరలేదు. ఓర్పు, నిత్యసాధన కావలెను.

ఇంటివద్ద ఆటపాటలకు ఎంత బలమున్నదో చూపిన ప్రయత్న మొకటి వెస్టిండీసులోని జమైకా ద్వీపమున జరిగినది. పోషణలేమిచే ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను 1986–87లో ఎన్నుకొన్నారు. వారు దివ్యాంగులు కారు, పేదరికముచే వెనుకబడినవారు. వారిలో కొందరి యిండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లపాటు వారమునకు ఒక గంట పోయి, ఇంటిలో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించవలెనో, ఎట్లు మాటలాడించవలెనో తల్లులకు చూపినారు. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట లెక్కించగా, ఆ ఆటలాడిన పిల్లలు పెద్దవారై, ఆడనివారికన్న సుమారు 25 శాతము హెచ్చుగ సంపాదించుచుండిరని 2014లో ప్రకటించినారు. ఆ కార్యకర్తలు పెద్ద వైద్యులు కారు. మన ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలవంటివారే.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు సంక్షేమమును, దివ్యాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనినారు. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టములోని 25వ సెక్షను, ప్రభుత్వముతోపాటు స్థానికసంస్థలుకూడ ప్రమాదములోనున్న పిల్లలను గుర్తించుటకు ఏడాదికి ఒకసారియైనను పిల్లలందరిని పరీక్షింపజేయవలెనని చెప్పుచున్నది. ఇది దయతో చేయు పని కాదు. చట్టము విధించిన పని. ఐతే దీనికి పెద్ద నిధులు కావలెనని భయపడనక్కరలేదు.

మొదటిది, లెక్క. గ్రామములో మూడేండ్లలోపు పిల్లలెందరు? సంచార వైద్యబృందము వచ్చిన దినమున వారిలో ఎందరు చూపబడినారు? చూపబడనివారెవరు? సాధారణముగ తప్పిపోవునది అంగన్‌వాడీకి రాని బిడ్డయే. అనగా ఎక్కువ సహాయము కావలసిన బిడ్డయే. వలసకూలీల పిల్లలు, ఊరిచివర గుడిసెలలోని పిల్లలు, "మా బిడ్డను నలుగురిలోనికి తేలేము" అని దాచుకొనిన పిల్లలు ఈ కోవలోనివారు. బృందము వచ్చు తేదీని ముందుగ తెలిసికొని దండోరా వేయించుడు. ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని బిడ్డలు వచ్చినది లేనిది చూడవలెను.

రెండవది, ప్రయాణము. పిల్లలు కేంద్రమునకు మొదటి పర్యాయము పోవుదురు. మూడవ పర్యాయమునకు ఆగిపోవుదురు. కారణము తల్లికి శ్రద్ధలేకపోవుట కాదు. బస్సు ఛార్జి, ఒక దినపు కూలి, ఇంటియొద్ద మిగిలిన పిల్లలను చూచువారు లేకుండుట – ఇవి కారణములు. ఒకే ప్రాంతపు మూడు నాలుగు కుటుంబములకు ఒకే దినమున రమ్మని కేంద్రమువారు చెప్పునట్లు మాటలాడి, ఒకే ఆటోలో పంపవచ్చును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమునకు వచ్చు నిధిని మిక్కిలి పేద కుటుంబముల వైద్యావసరములకు వాడుకొను వీలున్నది. సంఘము సమావేశమున చర్చించి తీర్మానించుడు. స్వయం సహాయక సంఘములోని స్త్రీ ఒకరు తల్లికి తోడు పోయినచో, తల్లి ధైర్యము రెట్టింపగును.

మూడవది, ప్రణాళిక. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో అంగన్‌వాడీకి ర్యాంపు, పిల్లలు పట్టుకొని నిలుచుటకు కమ్మీ, కూర్చుండి వాడుకొను మరుగుదొడ్డి – ఇట్టివి చేర్పించుడు.

నాలుగవది, పత్రములు. వైకల్యము నిర్ధారణయైన బిడ్డకు వైకల్య ధ్రువపత్రమును, విశిష్ట గుర్తింపు కార్డును ఇప్పించుటలో కుటుంబమునకు సహాయపడుడు. అయితే ఒక సంగతి మరువరాదు. ధ్రువపత్రము వచ్చువరకు చికిత్స ఆగరాదు. అనుమానము కలిగిన దినముననే సహాయము ఆరంభము కావలెను. పత్రము వెనుక రావచ్చును.

ఐదవది, మాట. కుంటి, మూగ, పిచ్చి అని బిడ్డను పిలుచుట ఊరిలో అలవాటై యున్నచో దానిని మాన్పించువారు పెద్దలే. దివ్యాంగుని నలుగురి యెదుట అవమానింపవలెనని అవమానించినచో ఆరు నెలలనుండి ఐదేండ్లవరకు శిక్ష విధింపవచ్చునని ఆ చట్టములోని 92వ సెక్షను చెప్పుచున్నది. తల్లి చేసిన పాపమువలన బిడ్డ ఇట్లు పుట్టెనను మాట వినినప్పుడు సభ్యులు ఊరకుండరాదు. ఆ మాట భయముచేతనే తల్లి బిడ్డను దాచుకొనును. పసిబిడ్డ పొట్టపై వాతలు పెట్టుట, నాటుమందులు పోయుట వంటివి ఎక్కడ జరిగినను అడ్డుపడవలెను.

చేతనైనంత, సకాలమున

సత్యమును మరుగుపరచి ఆశలు కల్పించుట మా యభిమతము కాదు. త్వరగ కనిపెట్టినంతమాత్రమున ప్రతి లోపమును నయమైపోదు. మెదడునకు పుట్టుకవేళ తగిలిన దెబ్బ పూర్తిగ మానకపోవచ్చును. డౌన్ సిండ్రోము, ఆటిజము మాత్రలతో పోవునవి కావు. అట్టి బిడ్డకు కూడ ఈ సహాయము వ్యర్థము కాదు. తన చేతితో అన్నము తినగలుగుట, మరుగుదొడ్డికి తానుగ పోగలుగుట, ఆకలియైనదని సైగతోనైనను తెలుపగలుగుట, తోటిపిల్లలతో బడికి పోగలుగుట – ఇవి చిన్న ఫలములు కావు. ఒక కుటుంబము ముప్పది యేండ్లు మోయవలసిన భారమును ఇవి తేలిక చేయును. ఆ బిడ్డకు తన జీవితము తనదను గౌరవమును ఇచ్చును.

పంచాయతీ సభ్యులు వైద్యులు కానక్కరలేదు. లోపమును నిర్ణయింపనక్కరలేదు. రచ్చబండయొద్ద ఎవరైన, "మా వాడు పిలిస్తే పలకడం లేదండీ" అని యనినప్పుడు, "తొందరేమున్నది?" అను పాతమాటకు బదులుగ, "ఈ వారమే చూపించుదము, నేను ఆశా కార్యకర్తతో మాటలాడెదను" అని చెప్పగలిగిన చాలును. ఈ నెల పంచాయతీ సమావేశమున సభ్యులొకరు లేచి, మన గ్రామములో మూడేండ్లలోపు పిల్లలలో పరీక్షకు రాని వారెందరని అడుగవలెనని మా కోరిక. ఆ ప్రశ్నకు సమాధానము పేర్లతో సహా మినిట్సు పుస్తకమున వ్రాయబడిన దినమున పని సగము జరిగినట్లే. తక్కిన సగము, అదను దాటకముందే ఆ పేర్లుగల బిడ్డలను కేంద్రమునకు చేర్చుట.